భుజమున వేసికొని పోదగిన వ్యాయామ చక్రము



ఆటస్థలమున మీరు రింగు అని పిలుచు వస్తువులు రెండు కలవు. ఒకటి వలకు ఇరువైపుల నిలిచి విసరి పట్టుకొను రబ్బరు రింగు. రెండవది నడుము చుట్టును త్రిప్పు పెద్ద చక్రము. దీనికి హూలా హూప్ అను పేరు లోకమంతట వ్యాపించియున్నది. ఈ వ్యాసము రెండవ దానిని గూర్చినది.

మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనను, మూడు వైపుల ఆంధ్రప్రదేశము దీనిని చుట్టియున్నది. సరిహద్దు పల్లెలనుండి బస్సులలో బడికి వచ్చు పిల్లలు పెక్కుమంది. అట్లు వచ్చు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఒకనాడు జాతరలో కొనిన రంగుల చక్రమును వెంట తెచ్చినది. ఉదయపు బస్సులో మనుష్యులకే చోటుండదు. మూడడుగుల చక్రమునకు కండక్టరు చోటెట్లు చూపగలడు? ఆమె దానిని తలల మీదుగా ఎత్తి పట్టుకొని నిలువుకాళ్లపై వచ్చినది. మూడు వారములు గడువకమున్నే అది అతుకు దగ్గర పగిలినది. పగిలిన అంచు ఆమె చీలమండను గీరినది. తల్లి దానిని అటకపై పడవేసినది.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని పై తరగతులకు వచ్చిన కొలది ఆటస్థలమునకు పోవు ఆడపిల్లల సంఖ్య తగ్గుచుండుట మనమెల్లరము చూచుచున్నదే. సాయంకాలము బస్సు వేళకు పరుగెత్తవలసిన పిల్లకు బంతియాట దొరకదు. పెరటిలో ఎనిమిదడుగుల చోటున్న చాలు, తోడెవరు లేకున్నను చాలు, చక్రమును త్రిప్పుకొనవచ్చును. నడుము, తుంటి, వెన్ను పని చేయును; ఊపిరి వేగముగ ఆడును. అటువంటి సాధనము మూడు వారములలో అటకెక్కినచో ఆ పిల్ల వ్యాయామము కూడ అటకెక్కినట్లే. కావున చక్రము ఏల పగులును, పగులని దానిని మనమెట్లు చేసికొనవచ్చును, దానిని బస్సులో ఎట్లు తీసికొని పోవచ్చును అను మూడు ప్రశ్నలను విచారింతము.

చక్రము వచ్చిన త్రోవ

చక్రముతో ఆడుకొనుట మనకు క్రొత్త కాదు. పాత సైకిలు రిమ్మును పుల్లతో తరుముచు వీధులలో పరుగెత్తని బాలుడు మన పల్లెలలో అరుదు. బండిచక్రమును తెలుగున గాను అందురు. కన్నడమున గాలి అందురు. అది మనము పీల్చు గాలి కాదని మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

నడుమున త్రిప్పు చక్రము నేటి రూపమును పొందినది 1950 తరువాత. ఆస్ట్రేలియాలో బాలబాలికలు వెదురు చక్రములతో వ్యాయామము చేయుచుండిరి. ఆ వార్త అమెరికాలోని కాలిఫోర్నియాకు చేరగా, అచ్చటి వామ్-ఓ అను ఆటవస్తువుల సంస్థను నడపుచుండిన రిచర్డ్ నెర్, ఆర్థర్ మెలిన్ అనువారు 1958లో వెదురునకు బదులు ప్లాస్టిక్కు గొట్టముతో చక్రములను చేయించి అమ్మిరి. కొలది మాసములలోనే అవి కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయినవి.

ఆ గొట్టము దేనితో చేసినదో తెలిసికొనుట మనకు ముఖ్యము. 1951లో ఫిలిప్స్ పెట్రోలియము సంస్థలో పనిచేయుచుండిన పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ అను రసాయన శాస్త్రజ్ఞులు ఇథిలీన్ వాయువునుండి గట్టిదైన పాలిథిలీనును తయారుచేయు మార్గమును కనుగొనిరి. 1953లో జర్మనీ దేశమున కార్ల్ జీగ్లర్ వేరొక మార్గమున అట్టిదానినే సాధించెను. 1963లో ఆయన నోబెల్ బహుమానమును నట్టాతో కలిసి అందుకొనెను. ఫిలిప్స్ వారు తమ క్రొత్త పదార్థమునకు మార్లెక్స్ అని పేరిడిరి. మొదటి దినములలో అది గిరాకీ లేక గిడ్డంగులలో పడియుండగా, దానిని విరివిగా కొనినది ఈ చక్రములు చేయువారే!

నేడు ఆ పదార్థము మీ పొలములోనే కలదు. బోరుబావిలో మోటారును దింపునపుడు నీరు పైకి తెచ్చు నల్లని గొట్టమును చూచితిరి గదా? గొట్టముల అంగడిలో దానిని హెచ్.డి.పి.ఇ. పైపు అందురు. సాంద్రత హెచ్చుగా గల పాలిథిలీను అని దాని అర్థము. వానలు తక్కువై నీటికొరకు భూమిని లోతుగా తొలుచుకొను మన తాలూకాలో ఈ గొట్టము తెలియని యిల్లుండదు. చక్రమునకు కావలసిన సరకు కొరకు మనము దూరము పోనక్కరలేదు.

ఏ గొట్టము తగును?

ఇంటి కుళాయిలకు వాడు పి.వి.సి. గొట్టము చౌకగా దొరకును గదా, అది చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. నిటారుగ ఉన్న గొట్టమును వంచినపుడు వెలుపలి అంచు సాగును, లోపలి అంచు కుదించుకొని పోవును. 20 మిల్లీమీటర్ల గొట్టమును 49 సెంటీమీటర్ల వ్యాసార్ధమునకు వంచినచో వెలుపలి అంచు నూటికి రెండు వంతులు సాగవలసి యుండును. పి.వి.సి. బిరుసైనది. అంత సాగుట దాని ఓర్పునకు కడపటి హద్దు. దానిపై ఒక దెబ్బ తగిలిన విరిగిపోవును. పాలిథిలీను అంతకు ఎన్నో రెట్లు సాగియు తెగదు. బిందుసేద్యమునకు వాడు పలుచని గొట్టము కూడ పనికిరాదు. అది సాగునుగాని, వంచినచోట నొక్కుకొనిపోయి మడతపడును. ఇనుప కమ్మి బరువై ఎముకకు తగులును. ఒకసారి సొట్టపడిన మరల తనంత తాను గుండ్రము కాదు.

కావున బయటి వ్యాసము 20 మిల్లీమీటర్లు, గోడ దళసరి 2 మిల్లీమీటర్లు గల హెచ్.డి.పి.ఇ. గొట్టమును ఎన్నుకొనుడు. నల్లనిదానినే కొనుడు. త్రాగునీటి గొట్టములకు భారత ప్రమాణమగు ఐ.ఎస్. 4984 ప్రకారము చేసిన నల్లని గొట్టములలో నూటికి సుమారు రెండున్నర పాళ్లు మసి కలిపియుందురు. ఆ మసి సూర్యకాంతిని తాను మ్రింగి ప్లాస్టిక్కును కాపాడును. మన యెండ సామాన్యమైనది కాదు. 2018లో ఆరంభమైన తిరుమణి ప్రాంతపు సౌరవిద్యుత్తు క్షేత్రమును దాదాపు 13,000 ఎకరములలో నెలకొల్పినది ఈ యెండను నమ్మియే. అట్టి యెండలో కాపు లేని రంగుల ప్లాస్టిక్కు నానాటికి పెళుసెక్కును. జాతర చక్రము పగులుటకు ఇదియొక కారణము.

రెండు హెచ్చరికలు. ఎరువులు, పురుగుమందులు పారిన గొట్టమును ఒంటికి తగులు పనికి వాడరాదు. నీరు పారుచున్న గొట్టమును మీ తండ్రిగారికి తెలియకుండ కోయరాదు! బోరు వేసిన పిదప మిగిలిన తుండు ఏ యింటి గోడ ప్రక్కనో చుట్టగా పడియుండును, అడిగి తీసికొనుడు.

కొలతలు

చక్రమును నేలపై నిలువబెట్టినపుడు దాని పై అంచు మీ బొడ్డునకును రొమ్మునకును నడుమ నుండవలయును. పెద్ద చక్రము మెల్లగా తిరుగును. నడుమును కదల్చుటకు వ్యవధి దొరకును. కావున క్రొత్తగా నేర్చువారు చిన్నదానికంటె పెద్దదానిని తీసికొనుట మేలు. అంతర్జాతీయ లయబద్ధ జిమ్నాస్టిక్కు పోటీలలో చక్రపు లోపలి వ్యాసము 80 మొదలు 90 సెంటీమీటర్ల వరకును, బరువు 300 గ్రాములకు తగ్గకయు ఉండవలెనని నియమము. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ విద్యకు మొదటిసారి స్థానము లభించినది.

మనము మూడు పరిమాణములను నిర్ణయించుకొందము. వ్యాసములు 84, 91, 98 సెంటీమీటర్లు. ఇవి గొట్టపు నడిమి గీత వెంబడి కొలతలు. ఈ మూడింటినే ఏల యెన్నుకొంటిమో గణితము చదివినవారు ఊహింపగలరు. మూడును 7 చేత నిశ్శేషముగ భాగింపబడును. పరిధి కొరకు 22/7 చేత హెచ్చవేసినచో వరుసగా 264, 286, 308 సెంటీమీటర్లు వచ్చును. అంత పొడవు గొట్టమును కోసికొనవలయును. పై కొలతల గొట్టము మీటరునకు సుమారు 107 గ్రాములు తూగును. కావున మూడు చక్రములును ఇంచుమించు 283, 306, 330 గ్రాములుండును. ఇంతకంటె చాల బరువైనది కావలెనని కోరకుడు. బరువు చక్రములు ప్రక్కటెముకలను, తుంటి ఎముకలను కమలజేయును.

బలము ఎక్కడ పడును?

చక్రము తిరుగుటవలన పగులునని చాలమంది తలంతురు. లెక్క వేసి చూతము. పెద్ద చక్రము సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగునపుడు అది నడుమును ఒత్తు బలము సుమారు ఒక కిలోగ్రాము భారమంత మాత్రమే. అది గొట్టమునకు లెక్కలోనిది కాదు. కాని ఆట నేర్చువాని చక్రము మాటిమాటికి జారి పడును. ఒక మీటరు ఎత్తునుండి బండపై పడి ఒక్క సెంటీమీటరు మేర నలిగి ఆగినదనుకొందము. అప్పుడు తగులు బలము సగటున దాని బరువునకు నూరు రెట్లు, అనగా ముప్పదిమూడు కిలోగ్రాముల భారమంత. దినమునకు ముప్పదిసార్లు పడినను గొట్టము సాగి ఓర్చుకొనును. ఓర్చుకొనలేనిది అతుకు. అంగడిలో కొను చక్రములు పెక్కింటిలో ఒకటి రెండు అంగుళముల పలుచని ప్లాస్టిక్కు ముక్క యొకటి రెండు కొనలను పట్టియుంచును. బాలిక చక్రము అచ్చటనే పగిలినది. చక్రపు గట్టిదనము అతుకు గట్టిదనమును మించదు.

మన బండిచక్రము చేయు వడ్రంగికి ఈ సంగతి పురాతనముగ తెలియును. ఆరు పూటీలను చేర్చి గుండ్రముగ కూర్చునపుడు ఒక పూటీ కొననుండి మరియొకదానిలోనికి చీల దిగవేయును. పైన ఇనుప పట్టాను ఎర్రగ కాల్చి తొడిగి నీళ్లు చల్లును. పట్టా చల్లారి కుంచించుకొని పూటీలను బిగించును. లోపల చీల, వెలుపల బిగువు; మన అతుకునకు ఈ రెండే సూత్రములు.

అతుకు చేయు విధము

గట్టిదైన తుమ్మకర్రతో గుండ్రని అతుకు కర్రను చేయింపుడు. గొట్టములన్నియు ఒకే దళసరివి కావు గనుక, కర్రను నునుపు చేయుటకు ముందు గొట్టపు లోపలి వ్యాసమును కొలువుడు. సాధారణముగ 16 మిల్లీమీటర్లుండును. పొడవు 8 సెంటీమీటర్లు. అంతకంటె పొడవైన గట్టిగ నుండదా? ఉండును, కాని కర్ర తిన్ననిది, చక్రము వంపైనది. 8 సెంటీమీటర్ల కర్ర పెద్ద చక్రపు వంపునుండి నడిమిలో ఒకటిన్నర మిల్లీమీటర్లకు కొంచెము పైగా తొలగును. అది కంటికి కనబడదు. 16 సెంటీమీటర్లైనచో ఆరున్నర మిల్లీమీటర్లు తొలగి, చక్రమున బల్లపరుపు ఏర్పడి, తిరుగునపుడు కుదుపు పుట్టును. మరి పొట్టిదైనచో కొనలు ఆడి గొట్టమును చీల్చును.

గొట్టపు కొనను సలసలకాగిన నీటిలో అరనిమిషము ముంచిన మెత్తబడును. ఈ పని పెద్దలు చేయవలయును. వెంటనే కర్రను సగము వరకు, అనగా 4 సెంటీమీటర్లు, దూర్చి చన్నీట చల్లార్పవలయును. బండి పట్టావలె గొట్టము బిగిసి కర్రను పట్టును. పిదప ఒక చిన్న మరమేకును బిగించి తలను గొట్టములోనికి అణచవలయును. జిగురును నమ్మవలదు, పాలిథిలీనునకు సామాన్యమైన జిగురేదియు అంటదు, పి.వి.సి. గొట్టములను అతుకు ద్రావకము కూడ అంటదు.

రెండవ సగము చేతితో దూరి, చేతితో రావలయును. కావున దానిని గరుకు కాగితముతో కొంచెము సన్నము చేయుడు. అది ఊడకుండ నిలుచుటకు గొడుగును తలచుకొనుడు. కర్ర కాడ గొడుగున చిన్న గాడి తొలిచి, అందు తీగ స్ప్రింగును అమర్చియుందురు. అది పైకి లేచి గొడుగును నిలుపును, వ్రేలితో నొక్కిన లోనికి పోయి విడుచును. పాత గొడుగునుండి ఆ స్ప్రింగును తీసి అతుకు కర్రలో అట్లే అమర్చి, గొట్టమున దానికి సరిపడు రంధ్రము చేయవలయును.

రంధ్రమును ఎచ్చట చేయవలయును? లోపలి వైపున చేసిన స్ప్రింగు ఒంటికి గ్రుచ్చుకొనును. వెలుపలి వైపున చేసిన నేలకు తగులును. అంతేకాక సాగుచున్న అంచున రంధ్రము చీలికకు దారి తీయును. వంగిన గొట్టములో సాగుటయు కుదింపును లేని గీత యొకటి ప్రక్కలయందు కలదు. చక్రమును నేలపై పరుండబెట్టినపుడు ఆకాశమును చూచు వైపది. మరమేకునకైనను, రంధ్రమునకైనను అదియే తగిన చోటు.

కొనల గరుకును రుద్ది నునుపు చేసి, పాత నూలు గుడ్డను అంగుళము వెడల్పున చింపి చక్రము చుట్టును ఏటవాలుగ చుట్టి కుట్టుడు. స్ప్రింగు చోటు మాత్రము విడువుడు. నున్నని ప్లాస్టిక్కు పావడపై జారును. గుడ్డ పట్టుకొని నిలుచును.

మడిచి తీసికొనిపోవుట

ఇక బస్సు మాట. చక్రమును ఆరు తుండ్లుగ చేసి సంచిలో వేసికొనుట యొక ఉపాయము. వృత్తములో ఇమిడిన సమషడ్భుజి భుజము వ్యాసార్ధమునకు సమానమని మీరు చదివియున్నారు. కావున 98 సెంటీమీటర్ల చక్రపు ఒక్కొక్క తుండు కొననుండి కొనకు 49 సెంటీమీటర్లే యుండును. ఆరింటిని అరటి అత్తములోని పండ్లవలె ఒకదానిలో ఒకటి పేర్చవచ్చును. చూచుటకిది ముచ్చటైన ఉపాయము. కాని ఒక్క అతుకే బలహీనమైన చోటని గదా చెప్పుకొంటిమి? ఆరు తుండ్లైనచో అతుకులారు. ఒకటి ఊడిన చక్రమంతయు ఊడినట్లే.

పాలిథిలీను సాగు గుణమే మనకు రెండవ ఉపాయమును చూపుచున్నది. ఉన్న యొక్క అతుకును విప్పి, గొట్టమును రెండు చుట్లుగ చుట్టి, మరల అదే అతుకును మూయుడు. 308 సెంటీమీటర్లు రెండు చుట్లైనచో ఒక్కొక్కటి 154; వ్యాసము 49 సెంటీమీటర్లు. ఎదురెదురుగ రెండుచోట్ల త్రాటితో కట్టిన కదలదు. పూలదండవలె భుజమున వేసికొని బస్సెక్కవచ్చును. ఇల్లు చేరగనే విప్పవలయును. చుట్టియుంచినపుడు అంచు సాగుట నూటికి నాలుగు వంతులగును. రోజులకొలది అట్లే యుంచినచో, ముఖ్యముగ ఎండలో, గొట్టము ఆ వంపునకే అలవాటుపడి మరల గుండ్రము కాదు.

పరీక్షింపక ఆడరాదు

క్రొత్త చక్రమును చిన్నపిల్లల చేతికిచ్చుటకు ముందు మూడు పరీక్షలు చేయుడు. అతుకు క్రిందికి వచ్చునట్లు నడుమెత్తునుండి బండపై ఇరువదిసార్లు విడువుడు. రెండు చేతుల నొక్కి కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చి విడువుడు. మరల గుండ్రము కావలయును. అతుకునకు ఇరువైపుల పట్టి ఇద్దరు విద్యార్థులు లాగుడు. స్ప్రింగు నొక్కకుండ ఊడరాదు. పిదప వారమునకొకసారి రంధ్రము చుట్టును వ్రేలితో తడిమి చూడుడు. వెండ్రుకవాసి చీలిక కనబడినను ఆడక, ఆ కొనను కోసి క్రొత్త అతుకు చేయుడు. నాలుగు సెంటీమీటర్లు తగ్గినందున చక్రమునకు కొరతలేదు.

ఇందు వాడిన విద్య ఏది? పరిధి సూత్రము, షడ్భుజి ధర్మము, బలమును గూర్చిన పాఠము. అన్నియు మీరు తరగతిలో మన భాషలో చదివినవే. పరీక్ష కాగితముపై వ్రాసి మరచుటకే అవి యని తలంచినవారు ఒక్క చక్రమును చేసి చూతురుగాక.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ యమ్మాయి మిగిలిన గొట్టపు ముక్కను అడిగినపుడు దేనికని కోపింపకుడు. పైన చెప్పిన బాలిక చక్రమునకును గొట్టము పొరుగు రైతు దొడ్డిలోనిదే. కర్రను చెక్కి యిచ్చినది ఊరి వడ్రంగి. కాగిన నీటిలో గొట్టమును ముంచినది తల్లి. ఇప్పుడామె బస్సులో కూర్చుండియే వచ్చుచున్నది. చక్రము భుజమున నుండును.